వెలుగును చిత్రించినవాడు

సముద్రము ఎన్నడును ఒక్క రీతిగా ఉండదు. వేకువను అది బూడిదవన్నెతో నిద్రించుచున్నట్లు కనబడును. ప్రొద్దెక్కిన కొలదియు నీలము, పచ్చదనము, వెండి మెరుపు దానిపై ఒకదాని వెంట నొకటి పరుగిడును. మబ్బొకటి సూర్యునికి అడ్డు వచ్చినచో క్షణములో దాని రూపమే మారిపోవును. ఒడ్డున నిలిచినవారు ఈ మార్పును చూచి ఆనందింతురు, మరుక్షణమున మరచిపోవుదురు. ఆ మార్పునే పట్టి పటముపై నిలుపవలెనని పూని, అందుకొరకు ఆకలిని, అవమానమును, ఆప్తుల ఎడబాటును ఓర్చుకొన్న చిత్రకారుడొకడు ఫ్రాన్సు దేశమున ఉండెను. అతని పేరు క్లోద్ మొనే.

మొనే 1840వ సంవత్సరము నవంబరు 14వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. అతనికి ఐదేండ్ల ప్రాయము వచ్చునప్పటికి తండ్రి ఆడోల్ఫ్ మొనే కుటుంబముతో లె హావ్రు పట్టణమునకు తరలిపోయెను. అది సేన్ నది సముద్రమున కలియు చోట వెలసిన పెద్ద ఓడరేవు. ఆడోల్ఫ్ అచ్చట తన సోదరి భర్తతో కలిసి ఓడలకు కావలసిన సరకులను, కిరాణా వస్తువులను అమ్ము వ్యాపారమున పాలుపంచుకొనెను. కుమారుడు కూడ పెద్దవాడై ఆ అంగడిలోనే కూర్చుండి లెక్కలు చూచుకొనవలెనని అతని కోరిక.

బాలుని మనస్సు వేరొక వైపున ఉండెను. బడి అతనికి చెరసాలవలె తోచెను. బయట ఎండ కాయుచుండగా, అలలు ఒడ్డును తాకుచుండగా, నాలుగు గోడల నడుమ గంటలకొలది కూర్చుండుట అతనికి దుర్భరముగా నుండెను. పాఠము జరుగుచున్నంతసేపు పుస్తకముల అంచులయందు ఉపాధ్యాయుల బొమ్మలను గీయుచుండెడివాడు. ఒకరి ముక్కును సాగదీసియు, మరియొకరి తలను గుమ్మడికాయవలె పెంచియు గీసిన ఆ వ్యంగ్యచిత్రములను చూచి తోటి బాలురు నవ్వాపుకొనలేకపోవువారు. పదునైదేండ్లు దాటునప్పటికి ఊరి పెద్దమనుష్యులే తమ బొమ్మలను వేయించుకొనుటకు అతని యొద్దకు వచ్చుచుండిరి. ఒక్కొక్క బొమ్మకు పది ఫ్రాంకులు, ఇరువది ఫ్రాంకులు పుచ్చుకొనుచు ఆ బాలుడు కొంత సొమ్ము కూడబెట్టెను.

1857వ సంవత్సరము జనవరి మాసమున అతని తల్లి మరణించెను. ఇంటిలో అతని కళాభిరుచిని మెచ్చుకొనెడి మనిషి లేకుండ పోయెను. అప్పుడతని మేనత్త మరీ జాన్ లెకాద్రు ఆదరించెను. ఆమెకు సంతానము లేదు. తీరిక వేళలయందు ఆమె కూడ బొమ్మలు వేయుచుండెడిది. ఆ యాదరమే లేకున్నచో మొనే లె హావ్రు అంగడిలో లెక్కలు వ్రాసికొనుచు జీవితము గడిపియుండెడివాడేమో.

మొనే వేసిన వ్యంగ్యచిత్రములను ఒక పటములు కట్టు దుకాణమువారు తమ అద్దముల కిటికీలో ఉంచుచుండిరి. వానికి పైవరుసలో వేరొకరు వేసిన సముద్రతీర చిత్రములు వ్రేలాడుచుండెడివి. తన బొమ్మలను చూచుటకు గుమిగూడిన జనులను చూచి మొనే గర్వపడుచుండెను గాని, ఆ తీర చిత్రములన్నచో అతనికి గిట్టెడిది కాదు. వానిని వేసినవాడు యూజీన్ బూదాన్. అతడు సమీపమున నున్న ఓన్‌ఫ్లర్ గ్రామమున ఒక నావికుని ఇంట పుట్టినవాడు. మొనే కంటె పదునారేండ్లు పెద్దవాడు. అతనితో పరిచయమగుట ఇష్టములేక మొనే తప్పించుకొని తిరుగుచుండెను. తుదకొక దినమున దుకాణములో ఇరువురును ఎదురుపడిరి. బూదాన్ ఆ బాలుని బొమ్మలను మనసార మెచ్చుకొని, ఇంతటి నేర్పు గలవాడు హాస్యపు బొమ్మలతోనే తృప్తిపడరాదనియు, ఆరుబయటికి వచ్చి ఆకాశమును, నేలను, నీటిని చూచి చిత్రింపవలెననియు సలహా చెప్పెను. మొనే చాల కాలము ఏదో ఒక సాకు చెప్పుచు రాకుండెను. 1858వ సంవత్సరము వేసవిలో మాత్రము మరి కాదనలేక రంగుల పెట్టె చేతబట్టి బూదాన్ వెంట నడచెను.

ఆ కాలమున చిత్రకారులు ప్రకృతిని చిత్రింపదలచినచో బయట చిన్న చిన్న గీతలు గీసికొని వచ్చి, ఇంటిలో గది తలుపులు మూసికొని, వారములకొలది పెద్ద పటమును పూర్తిచేయువారు. బయటనే రంగులు వేయుట కష్టము. రంగుపొడిని నూనెతో నూరి, పంది మూత్రాశయముతో చేసిన సంచులలో నింపి మోసుకొని పోవలసి యుండెడిది. 1841వ సంవత్సరమున అమెరికా దేశపు చిత్రకారుడు జాన్ రాండ్ తగరపు గొట్టములలో రంగులను నింపు ఉపాయమును కనిపెట్టెను. మూత త్రిప్పినంతనే రంగు వెలువడు ఆ గొట్టములు వచ్చిన పిదప కొండకైనను, కడలి యొడ్డునకైనను రంగులను కొనిపోవుట సులభమయ్యెను. బూదాన్ అట్లు బయట నిలిచియే చిత్రించువారిలో నొకడు. అతడు ఆకాశమును, మబ్బులను చిత్రించుచుండగా మొనే ప్రక్కన నిలిచి చూచెను. కన్నులపై కప్పియున్న తెర ఏదో తొలగినట్లు అతనికి తోచెను. తాను చేయవలసిన పని యేదో ఆనాడే అతనికి తెలిసినది.

1859వ సంవత్సరమున మొనే తాను దాచుకొన్న సొమ్ముతో పారిస్ నగరము చేరెను. అచ్చట కమీల్ పిసారో అను చిత్రకారునితో స్నేహము కలిగెను. రెండేండ్ల తరువాత అతనికి సైన్యములో చేరవలసిన వంతు వచ్చెను. ఆనాటి చట్టము ప్రకారము ధనము చెల్లించి ఆ వంతును తప్పించుకొనవచ్చును. కుమారుడు చిత్రలేఖనమును మాని వ్యాపారమున చేరినచో ఆ ధనమిచ్చెదనని తండ్రి చెప్పెను. మొనే అంగీకరింపలేదు. ఏడేండ్ల సైనికోద్యోగమునకు సిద్ధపడి ఆఫ్రికా ఖండములోని అల్జీరియాకు పోయెను. అచ్చటి తీవ్రమైన ఎండ, దాని వెలుగులో మెరయు రంగులు అతని మనస్సున నాటుకొనెను. 1862లో జబ్బుపడి ఇంటికి రాగా మేనత్త దయదలచి ధనము చెల్లించి అతనిని సైన్యమునుండి విడిపించెను. పేరు గలిగిన గురువు నొద్ద క్రమముగా నేర్చుకొనవలెనని మాత్రము ఆమె నియమము పెట్టెను.

అందువలన మొనే పారిసులో గ్లేర్ అను ఆచార్యుని చిత్రశాలలో చేరెను. గురువు చెప్పిన పాఠములకంటె అచ్చట దొరకిన మిత్రులే అతనికి పెద్ద లాభమైరి. ఓగస్త్ రెన్వార్ ఒక దర్జీవాని కుమారుడు. ఆల్‌ఫ్రెడ్ సిస్లే ఆంగ్లేయ దంపతుల బిడ్డ. ఫ్రెడరిక్ బాజీల్ కలిగినవారి ఇంట పుట్టి వైద్యవిద్యకొరకు వచ్చి చిత్రకళకు లొంగిపోయినవాడు. ఈ నలుగురును కలిసి పారిస్ పొలిమేరలలోని అడవులకు పోయి చెట్ల క్రింద చిత్రించుచుండిరి.

ఫ్రాన్సు దేశమున ఆ దినములలో చిత్రకారునికి గౌరవము రావలెనన్నచో సలోన్ అను ప్రభుత్వ ప్రదర్శనమున అతని చిత్రమునకు చోటు దొరకవలెను. పెద్దల సంఘమొకటి కూర్చుండి చిత్రములను ఏరుచుండెడిది. పురాణ గాథలు, యుద్ధములు, రాజుల రూపములు నునుపుగా చిత్రించినచో వారు మెచ్చువారు. 1865లో మొనే పంపిన రెండు సముద్ర చిత్రములు సలోనులో చోటు సంపాదించుకొనెను. ఆ యేడే ఎదువార్ మానే అను చిత్రకారుడు కూడ అచ్చట తన చిత్రములను ఉంచియుండెను. పేర్లు రెండును దగ్గరగా నుండుటచే పలువురు మానే యొద్దకు పోయి, మీ సముద్ర చిత్రములు బాగున్నవని పొగడిరి. తన చిత్రములను తిట్టి ఇతరుని చిత్రములకు తనను పొగడుట మానేకు మిక్కిలి కష్టము కలిగించెను. కాని కాలక్రమమున వారిరువురును ప్రాణమిత్రులైరి.

1866లో మొనే చిత్రించిన ఆకుపచ్చ దుస్తుల స్త్రీ చిత్రమునకు మరింత మెప్పు వచ్చెను. అందులోని స్త్రీ కమీల్ దోన్సియూ అను యువతి. ఇంటివారు సంతోషించిరి. ఆ సంతోషము ఏడాదియైన నిలువలేదు. 1867లో ఉద్యానవనములోని స్త్రీలు అను పెద్ద చిత్రమును సలోన్ త్రోసిపుచ్చెను. అది రెండున్నర మీటర్ల ఎత్తుగల పటము. దానిని గదిలో కాక తోటలోనే పూర్తిచేయవలెనని పట్టుపట్టి, నేలలో కందకము త్రవ్వించి, పైభాగమునకు చేయి అందుటకై పటమును ఆ కందకములోనికి దించుచు మొనే చిత్రించియుండెను. అంత శ్రమయు వ్యర్థమైనది. బాజీల్ స్నేహితుని దురవస్థకు కరగి ఆ పటమును తానే 2,500 ఫ్రాంకులకు కొనెను. ఒక్కసారి చెల్లింపజాలక నెలకు 50 ఫ్రాంకుల చొప్పున ఇచ్చుచుండెను.

అప్పటికి కమీల్ గర్భవతి. మొనే చేతిలో కాసు లేదు. బాజీల్ అతని తండ్రికి జాబు వ్రాసి సాయము కోరెను. ఆడోల్ఫ్ ఆ యువతిని కోడలిగా అంగీకరింపలేదు. కుమారుడు వచ్చి మేనత్త ఇంట ఉండవచ్చును. ఆమెను మాత్రము విడువవలెను. ఇదియే అతని తీర్పు. మొనేకు వేరు దారి లేకపోయెను. కమీలును పారిసులో విడిచి, ఆమెను మరచినట్లు నటించుచు, ఆ వేసవిలో లె హావ్రునకు ఆనుకొనియున్న సాంత్ అద్రెస్ గ్రామమునకు పోయెను. ఆమె ఖర్చులకొరకు డబ్బు పంపుమని మిత్రుడైన బాజీలునకు మాటిమాటికి జాబులు వ్రాయుచుండెను. ఆగష్టు 8వ తేదీన పారిసులో కమీల్ మగబిడ్డను కనెను. ఆ బిడ్డకు జాన్ అని పేరు పెట్టిరి.

ఆ వేసవిలోనే మొనే తన మొదటి గొప్ప సముద్రతీర చిత్రమును రచించెను. దానిపేరు సాంత్ అద్రెస్ ఉద్యానవనము. అది దాదాపు ఒక మీటరు ఎత్తు, 1.3 మీటర్ల వెడల్పు గల పటము. సముద్రము ఒడ్డున పూలతోట గల ఒక మిద్దె. ఎర్రని, పసుపుపచ్చని పూలు గుత్తులు గుత్తులుగా ఎండలో మండుచున్నట్లుండును. తోట కిరువైపుల రెండు జెండాలు గాలికి రెపరెపలాడుచుండును. ఆవల పచ్చని సముద్రము; దానిపై తెరచాపల పడవలు, పొగలు గ్రక్కు స్టీమర్లు. ముందు భాగమున బెత్తపు కుర్చీలో టోపీ ధరించి, తోటను, కడలిని చూచుచు కూర్చున్న పెద్దమనిషి ఆడోల్ఫ్ మొనే. దూరముగా కంచె యొద్ద గొడుగు పట్టుకొన్న ఒక యువతియు, ఒక పురుషుడును మాటలాడుకొనుచుందురు.

ఈ చిత్రమున తోట, కడలి, ఆకాశము అను మూడు పట్టెలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. చూచువాడు మేడ కిటికీనుండి క్రిందికి చూచుచున్నట్లు తోచును. జపానుదేశపు చెక్క అచ్చుల చిత్రములయందు ఇట్టి కూర్పు కలదు. అవి ఆ కాలమున ఫ్రాన్సునకు వచ్చుచుండెను. మొనే వానిని ప్రీతితో సేకరించెడివాడు. నీడలను నల్లని రంగుతో కాక నీలముతో, ఊదాతో వేయుట, అలలను పొట్టి పొట్టి కుంచె గీతలతో చూపుట ఈ పటమున కనబడుచున్నవి.

పటమును చూచినవారికి అది కలిగినవారి ఇంటి ప్రశాంతమైన సాయంకాలముగా తోచును. ఒక్క కోపపు గుర్తు గాని, కన్నీటి జాడ గాని అందులో లేదు. ఆ తండ్రికిని, కుంచె పట్టి ఎదుట నిలిచిన ఆ కుమారునికిని నడుమ ఎంతటి అగాధమున్నదో ఆ వెలుగు చెప్పదు. తన బిడ్డ పాలకు డబ్బులేక, ఆ మాట తండ్రితో అనలేక, ఆ తండ్రినే ఎండలో కూర్చుండబెట్టి మొనే చిత్రించెను. మనస్సున ఎంత చీకటి యున్నను కన్ను చూచిన వెలుగును కల్లచేయరాదని అతని నియమము.

తరువాతి మూడేండ్లును దారిద్ర్యముతో గడచెను. 1869లో ఇంట రొట్టె లేని దినములలో రెన్వార్ తన ఇంటినుండి రొట్టెను తెచ్చి పెట్టెను. ఆ మిత్రులిరువురును ఆ యేడే సేన్ నది రేవున ప్రక్క ప్రక్కన నిలిచి, నీటి కదలికను విడివిడి రంగుల పూతలతో చిత్రించు పద్ధతిని సాధించిరి. పటమునకు దగ్గరగా పోయినచో అవి వట్టి రంగుల మరకలు. నాలుగడుగులు వెనుకకు వచ్చినచో అవే నీరై మెరయును. చూచువాని కన్నే వానిని కలిపి రూపమిచ్చును.

1870 జూన్ 28వ తేదీన మొనే కమీలును వివాహమాడెను. ఆ వేసవిని వారు చంటిబిడ్డతో త్రూవిల్ సముద్రతీరమున గడిపిరి. బూదాన్ కూడ భార్యతో అచ్చటికి వచ్చెను. త్రూవిల్ తీరము అను చిన్న చిత్రము ఆ దినములలో వేసినది. ఇసుకలో కుర్చీలు వేసికొని గొడుగుల క్రింద ఇరువురు స్త్రీలు కూర్చుండియుందురు. తెల్లని దుస్తులు ధరించినది కమీల్. ఈ చిత్రము ఇప్పుడు లండన్ నగరములోని జాతీయ చిత్రశాలలో కలదు. శాస్త్రజ్ఞులు దానిని సూక్ష్మదర్శినితో పరీక్షించినపుడు రంగులలో ఇసుక రేణువులును, గవ్వ తునకలును కనబడెను. ఆనాటి తీరపు గాలి తడి రంగుపైకి ఎగజిమ్మిన ఇసుక అది. మొనే సముద్రతీరముననే కూర్చుండి చిత్రించెననుటకు ఆ రేణువులే సాక్షులు.

ఆ జూలైలోనే ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము మొదలయ్యెను. మొనే భార్యాబిడ్డలతో లండన్ నగరమునకు పోయెను. అతనిని ఆదుకొన్న బాజీల్ సైన్యమున చేరి నవంబరు 28వ తేదీన యుద్ధభూమిలో మరణించెను. అతనికప్పటికి ముప్పదేండ్లును నిండలేదు. 1871 జనవరిలో తండ్రి ఆడోల్ఫ్ కూడ మరణించెను. లండనులో మొనేకు పోల్ ద్యూరాన్ రుయెల్ అను చిత్రముల వర్తకునితో పరిచయము కలిగెను. లోకము నవ్వుచున్న దినములలో ఆ వర్తకుడు మొనే చిత్రములను, అతని మిత్రుల చిత్రములను కొని, తాను అప్పులపాలైనను వారిని విడువలేదు.

స్వదేశమునకు తిరిగి వచ్చిన మొనే 1872లో తాను పెరిగిన లె హావ్రు రేవును ఒక కిటికీనుండి చూచి చిత్రించెను. పొగమంచులో ఓడల స్తంభములు నీడలవలె నున్నవి. ముందు రెండు చిన్న పడవలు, వానిలో మనుష్యుల నల్లని ఆకారములు. అప్పుడే పొడచూపిన సూర్యుడు నారింజపండువలె ఎర్రగా నుండగా, అతని వెలుగు నీటిపై ముక్కలు ముక్కలుగా తేలుచున్నది. అంతకు మించి ఆ పటమున ఏమియు లేదు.

సలోన్ దయకొరకు వేచియుండుట మాని మొనే, పిసారో, రెన్వార్, సిస్లే, దెగా, సెజాన్, బెర్త్ మొరిసో మొదలగువారు తామే ప్రదర్శనము నడుప నిశ్చయించిరి. 1874 ఏప్రిల్ 15వ తేదీన పారిసులో ఛాయాగ్రాహకుడు నదార్ ఖాళీచేసిన గదులలో ఆ ప్రదర్శనము ప్రారంభమయ్యెను. 30 మంది చిత్రకారులు అందులో పాల్గొనిరి. గురువైన బూదాన్ కూడ శిష్యుని ప్రక్కన తన చిత్రములను ఉంచెను. రేవు చిత్రమునకు పేరేమని అడుగగా, దానిని లె హావ్రు దృశ్యమనుట తగదని యెంచి, మొనే ఇంప్రెషన్ అని వ్రాసికొమ్మనెను. అనగా మనస్సుపై పడిన ముద్ర. జాబితాలో అది ఇంప్రెషన్, సూర్యోదయము అని అచ్చయ్యెను.

జనులు వచ్చి నవ్విరి. లూయి లెర్వా అను విమర్శకుడు ఆ పేరునే పట్టుకొని ఒక హాస్య పత్రికలో వీరందరిని ఇంప్రెషనిస్టులని పరిహసించెను. ఆ యెగతాళి పేరునే వారు పిదప తమ పేరుగా స్వీకరించిరి. నేడు లోకమంతయు ఆ పేరును గౌరవముతో పలుకుచున్నది.

పేరు వచ్చినను ధనము రాలేదు. 1878లో రెండవ కుమారుడు మిషేల్ జన్మించెను. కమీల్ ఆరోగ్యము చెడెను. దివాలా తీసిన ఒక స్నేహితుని కుటుంబముతో కలిసి వారు వెత్యూయ్ గ్రామమున కాపురముండిరి. 1879 సెప్టెంబరు 5వ తేదీన కమీల్ తన ముప్పదిరెండవ యేట మరణించెను. ఆమె శయ్య ప్రక్కన కూర్చున్న మొనే, ఆ ముఖముపై మరణము తెచ్చుచున్న నీలము, పసుపు, బూడిద వన్నెల మార్పును తనకు తెలియకయే గమనింప మొదలిడి, కుంచె పట్టి చిత్రించెను. దుఃఖమున కూడ తన కన్ను రంగులనే వెదకుచున్నదని తెలిసికొని అతడు భయపడెను. గానుగెద్దువలె తాను తన పనికి బంధింపబడితినని చాల యేండ్ల తరువాత స్నేహితుడగు క్లెమాన్సోతో చెప్పుకొని బాధపడెను.

తరువాత మొనే మరల సముద్రమునే ఆశ్రయించెను. ఎత్రెతా తీరమున తెల్లని కొండలను అలలు తొలిచి తోరణములుగా మలచినవి. అచ్చట అతడు ఐదారు పటములను పిల్లలచేత మోయించుకొని వచ్చుచు, వెలుగు మారినపుడెల్ల ఒకటి విడిచి మరియొకటి చేతబట్టుచుండెను. 1885లో ఒకనాడు పోటువేళను పొరబడి కొండ మొదట కూర్చుండి చిత్రించుచుండగా పెద్ద అల వచ్చి అతనిని, పటమును, రంగులను ఈడ్చుకొని పోయెను. ప్రాణములతో బయటపడెను గాని, నీటిలో మునుగుచున్నపుడు ఆ దినపు చిత్రము పోయెనే యని కూడ అతడు చింతించెను.

1883లోనే అతడు జివెర్నీ గ్రామమున ఇల్లు తీసికొనియుండెను. 1886లో ద్యూరాన్ రుయెల్ న్యూయార్కు నగరమున చిత్రములను ప్రదర్శింపగా అమెరికనులు కొన మొదలిడిరి. 1891లో ప్రదర్శించిన గడ్డివాముల చిత్రములు మొనేకు ధనమును, కీర్తిని తెచ్చెను. ఒకే గడ్డివామును ఉదయము, సాయంకాలము, మంచులో, ఎండలో అతడు చిత్రించిన తీరు జనులను ఆశ్చర్యపరచెను. మానే చిత్రమొకటి విదేశములకు పోకుండ కాపాడుటకై అంతకు ముందే అతడు దాదాపు 20,000 ఫ్రాంకుల చందాలు ప్రోగుచేసి, దానిని కొని ప్రభుత్వమున కిచ్చెను. తాను పేదరికమున నున్నపుడు పొందిన సాయమును అతడట్లు తీర్చుకొనెను.

1893లో ఇంటి కెదురుగా భూమిని కొని, కాలువ నీటిని మళ్లించి, కలువల కొలను త్రవ్వింపదలచెను. ఆ విదేశపు మొక్కలు నీటిని పాడుచేయునని గ్రామస్థులు అడ్డుచెప్పిరి. ఎట్టకేలకు అనుమతి దొరకెను. ఆ కొలనే అతని తుది ముప్పదేండ్ల పాఠశాల. 1898లో బూదాన్ మరణించెను. తాను చిత్రకారుడగుటకు ఆ పెద్దమనిషియే కారణమని మొనే కీర్తి శిఖరమున నున్నపుడు కూడ దాచుకొనలేదు.

విధి అతనిని మరల పరీక్షించెను. 1912లో వైద్యులు అతని కన్నులలో శుక్లములు ఏర్పడినవని చెప్పిరి. రంగులే ప్రాణముగా గలవానికి రంగులు మసకబారెను. తెలుపు పసుపుగా, నీలము మట్టివన్నెగా కనబడెను. 1914లో పెద్ద కుమారుడు జాన్ మరణించెను. ఆ యేడే ప్రపంచయుద్ధము వచ్చెను. ఆ చీకటి దినములలోనే డెబ్బదిమూడేండ్ల మొనే రెండు మీటర్ల ఎత్తుగల పెద్ద పటములపై కలువకొలనును చిత్రింప పూనుకొనెను. గొట్టములపై నున్న పేర్లను చూచుకొని రంగులను గుర్తించుచుండెను. నచ్చని పటములను చించివేయుచుండెను. 1918 నవంబరులో యుద్ధము ముగిసినపుడు, ఆ శాంతికి కానుకగా తన కలువ చిత్రములను దేశమున కిచ్చెదనని ప్రధానమంత్రియగు క్లెమాన్సోకు తెలిపెను. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగెను. అద్దములు ధరించి మరల పనికి దిగి తుది దినములవరకు ఆ పటములను దిద్దుచునే యుండెను.

1926 డిసెంబరు 5వ తేదీన మొనే తన ఎనుబదియారవ యేట జివెర్నీలో మరణించెను. శవపేటికపై నల్లని గుడ్డను కప్పగా క్లెమాన్సో సహింపలేక దానిని తీయించి పూలవన్నెల గుడ్డను కప్పించెనని చెప్పుదురు. మరుసటి యేడు మే మాసమున పారిసులోని ఒరాంజెరీ భవనమున రెండు అండాకారపు గదులలో ఎనిమిది కలువ చిత్రములు జనులకు దర్శనమిచ్చెను. వాని మొత్తము పొడవు దాదాపు 91 మీటర్లు.

సాంత్ అద్రెస్ ఉద్యానవనమును 1967లో న్యూయార్కు నగరములోని మెట్రొపాలిటన్ చిత్రశాలవారు దాదాపు 14 లక్షల డాలర్లకు కొనిరి. అప్పటికి దానిని చిత్రించి సరిగా నూరేండ్లు. ఆ వేసవిలో మొనే పసిబిడ్డకొరకు మిత్రుని యొద్ద అప్పు కోరుచు జాబులు వ్రాసియుండెను. తండ్రి కుమారుల నడుమ నుండిన అలుక వారితోనే పోయినది. ఆ తోటలో పూలు ఇంకను ఎండలో మండుచునే యున్నవి. జెండాలు గాలికి ఎగురుచునే యున్నవి. ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చుండి, కుమారుడు చూపిన వెలుగులో సముద్రమును చూచుచునే యున్నాడు.